మిణుకు, తళుకు, రెపరెప: నిలకడ లేని వెలుగుకు సరైన ఇంగ్లీషు మాటను ఎంచుకోవడం ఎలా?

దీపం రెపరెపలాడింది. చుక్క మిణుకుమంది. కత్తి తళుక్కుమంది. చెరువు మిలమిలలాడింది. తెలుగులో ఈ నాలుగింటినీ ఎవరూ కలగాపులగం చేయరు. చెరువు రెపరెపలాడిందని ఏడేళ్ల పిల్ల కూడా అనదు. అదే పిల్ల పదో తరగతికి వచ్చి ఇవే వాక్యాలను ఇంగ్లీషులో రాయాల్సి వస్తే నాలుగింటికీ ‘షైన్’ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. చిన్న నిఘంటువుల్లో ఫ్లికర్, గ్లిమర్, గ్లిటర్, షిమర్, ట్వింకిల్ అన్నింటికీ ‘మెరియు, ప్రకాశించు, తళతళలాడు’ అన్న అర్థాలే అటూ ఇటూ మారుతూ కనిపిస్తాయి. వాటిని ఎంత బట్టీ పట్టినా ఏ మాట ఎక్కడ వాడాలో తేలదు.

ఇంగ్లీషు పాఠం చెప్పే మాస్టార్ల కోసం, అనువాదంలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ల కోసం, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు అందంగా రాయాలనుకునే నెల్లూరు, ఒంగోలు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పద్ధతి సులువైనదే. ముందు మాటను పక్కన పెట్టి వెలుగును చూడాలి. ఆ వెలుగు ఎక్కడ పుడుతోంది, ఎందుకు కదులుతోంది, ఒకసారి మెరిసిందా పదేపదే మెరుస్తోందా అని అడగాలి. జవాబులు దొరికాక మాట దానంతట అదే ముందుకు వస్తుంది. అందుకే ఉదాహరణలన్నీ మన చుట్టుపక్కలవే తీసుకున్నాను. కంటితో చూసిన వెలుగుకు అతికించుకున్న మాటను ఎవరూ మరిచిపోరు.

మొదటి అడుగు: మాట చప్పుడు వినండి

తెలుగువాళ్లకు ఈ విషయంలో పుట్టుకతోనే ఒక సదుపాయం ఉంది. ‘తళుక్కుమంది’ అంటే ఒక్కసారి, ‘తళతళలాడింది’ అంటే ఆగకుండా. మాటను రెండుసార్లు పలికితే ఆ పని కూడా మళ్లీ మళ్లీ జరుగుతోందని మన చెవికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మిణుకుమిణుకు, ధగధగ, మిలమిల, రెపరెప అన్నీ ఈ అచ్చులో పోసినవే.

ఇంగ్లీషు ఇదే పనిని మాట చివర చేస్తుంది. ఫ్లికర్, గ్లిమర్, షిమర్, గ్లిటర్ చివరి ‘ర్’ను, ట్వింకిల్, స్పార్కిల్ చివరి ‘ల్’ను గమనించండి. పని పదేపదే జరుగుతోందని చెప్పే పాత ప్రత్యయాలు అవి. వెలుగుతో సంబంధం లేని మాటల్లోనూ ఇదే తీరు. వాన చినుకులు పడే చప్పుడు ప్యాటర్, పళ్లు టకటక కొట్టుకోవడం చాటర్, రెక్కలు టపటపలాడించడం ఫ్లటర్. స్పార్క్ అంటే ఒక నిప్పురవ్వ. దానికి ‘ల్’ చేరి స్పార్కిల్ అయ్యేసరికి రవ్వలు చిందుతూనే ఉంటాయి. దీనికి ఎదురుగా ఫ్లాష్, గ్లింట్ లాంటి మాటలు తెగినట్టు ఆగిపోతాయి. అవి ఒక్కసారి మెరిసే వెలుగులు. ‘తళుక్కు’ జాతివి.

మాట మొదలు కూడా వినదగ్గదే. గ్లో, గ్లీమ్, గ్లింట్, గ్లిటర్, గ్లిసెన్, గ్లిమర్, గ్లేర్ అన్నీ ‘గ్ల’తోనే మొదలవుతాయి. ఇలా ఒక శబ్దం ఒక రకం అర్థాన్ని వెంటేసుకుని తిరగడాన్ని బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో ‘ఫొనెస్థీమ్’ అని పిలిచారు. దీన్ని సూత్రంగా పట్టుకోకండి. గ్లవ్ అంటే చేతి తొడుగు, గ్లూ అంటే జిగురు, వాటిలో వెలుగేమీ లేదు. అయినా తెలియని కథ చదువుతూ ‘గ్ల’తో మొదలయ్యే కొత్త క్రియ తగిలితే మెరుపు సంగతేమో అని ఊహించడం చాలాసార్లు కలిసొస్తుంది.

రెండో అడుగు: వెలుగు ఎక్కడిదో అడగండి

వెలుగు ఆ వస్తువులోంచే వస్తోందా? వేరే వెలుగు దాని మీద పడి తిరిగి వస్తోందా? ఈ ఒక్క ప్రశ్నతో మాటలు రెండు రాశులుగా విడిపోతాయి. దీపం, బల్బు, నక్షత్రం, మిణుగురు స్వయంగా వెలిగేవి. వీటికి ఫ్లికర్, ట్వింకిల్, బ్లింక్, గ్లిమర్, ఫ్లేర్ వస్తాయి. నీరు, అద్దం, జరీ, రాయి, కన్నీరు అరువు వెలుగుతో మెరిసేవి. వీటికి గ్లింట్, గ్లిటర్, గ్లిసెన్, షిమర్ వస్తాయి. స్పార్కిల్ రెండు వైపులా తిరుగుతుంది. చంద్రుడి వెలుగు నీటి మీద పడి మసకగా కదిలితే దాన్నీ గ్లిమర్ అనే అంటారు కాబట్టి గోడ మరీ గట్టిది కాదు. మొదట్లో ఉన్నట్టే అనుకుని నేర్చుకోవడం మంచిది.

మూడో అడుగు: మంటను దగ్గరగా చూడండి

కార్తిక మాసంలో నెల్లూరు రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఒడ్డుకు వెళ్లండి. అరటి దొప్పలో పెట్టి నీటిలో వదిలిన ఒక్క దీపాన్ని ఎంచుకుని అది ఆరిపోయేదాకా కళ్లు తిప్పకుండా చూడండి. మంటకు సంబంధించిన ఇంగ్లీషు మాటలన్నీ ఆ ఒక్క దీపమే చూపిస్తుంది.

గాలి లేనప్పుడు మంట నిలువుగా, మొగ్గలా ఉంటుంది. అప్పుడది బర్న్ అవుతోంది, గ్లో అవుతోంది. నిలకడగా ఉంది కాబట్టి మన జాబితా మాట ఇంకా రాలేదు. చిరుగాలి తగిలి మంట ఒక పక్కకు వాలి, నెమ్మదిగా మళ్లీ లేస్తే వేవర్. ఆరుతుందా నిలుస్తుందా అన్న తటపటాయింపు ఈ మాటలో ఉంది. అందుకే మనసు ఊగిసలాడినా, గొంతు వణికినా ఇదే మాట. గాలి పెరిగి మంట చకచకా పెద్దదై చిన్నదై వెలుగు అదిరితే ఫ్లికర్. పాత ఇంగ్లీషులో ఈ మాటకు పక్షి రెక్కలు టపటపలాడించడమని అర్థం. మనం జెండాకూ, దీపానికీ ఒకే ‘రెపరెప’ను వాడతాం కదా. రెండు భాషలూ ఒకే కన్నుతో చూసిన చోటు ఇది. కాబట్టి ఫ్లికర్ అనగానే రెపరెప గుర్తు తెచ్చుకుంటే చాలు, పొరపాటు రాదు.

దొప్పలో నూనె అయిపోవస్తుంది. వత్తి కొసన నల్లటి కొడి కడుతుంది. మంట కుంచించుకుపోయి, ఒక్కసారి పైకి లేచి, మళ్లీ కుంగిపోతుంది. దీన్ని మనం కొడిగట్టడం అంటాం, ఇంగ్లీషులో గటర్ అంటారు. మురుగు కాలువకు వాడే గటరే ఇది. కొవ్వొత్తి కరిగి, ఆ మైనం పక్కనుంచి కాలువ కట్టి కారిపోతూ మంట నిలకడ తప్పడం చూసి పుట్టిన వాడుక. లాటిన్‌లో చుక్క అనే అర్థమున్న మాట దీనికి మూలం. మన కొడి వత్తి మసి, వాళ్ల గటర్ కరిగిన మైనం. కారణాలు వేరైనా, ప్రాణం పోబోతున్న దీపమన్న భావం ఒక్కటే. ‘కొడిగట్టిన దీపం’ అని తెలుగు కథలో ఉంటే అనువాదంలో ఫ్లికర్ రాయకండి. ఫ్లికర్ అయ్యే దీపం గాలి తగ్గితే మళ్లీ కుదురుకుంటుంది. గటర్ అయ్యే దీపానికి ఆ ఆశ లేదు.

చివరి క్షణంలో మంట ఒక్కసారి భగ్గుమంటే ఫ్లేర్. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అనే సామెతలోని వెలుగు ఇదే. ఆ తర్వాత మనమైతే దీపం కొండెక్కిందంటాం. ఆరిపోయిందని నోటితో అనడం మనకు అశుభం. ఇంగ్లీషుకు ఆ పట్టింపు లేదు. సూటిగా ఆరిందనే చెబుతుంది. అనువాదంలో ఈ మర్యాద నిలవాలంటే పక్క వాక్యంలో ఎక్కడైనా దానికి చోటివ్వాలి.

మంట గురించి ఇంకొక్క మాట నాకు చాలా ఇష్టం. ల్యాంబెంట్. లాటిన్‌లో నాకడం అనే క్రియ నుంచి వచ్చింది. కాల్చకుండా, వస్తువు ఉపరితలాన్ని మెత్తగా నాకుతున్నట్టు ఆడే మంట వెలుగు ఇది. అగ్నిదేవుడిని సప్తజిహ్వుడు, ఏడు నాలుకలవాడు అని పిలుచుకునే మనకు ఈ మాటను వేరే ఎవరూ వివరించనక్కర్లేదు. రోజువారీ ఇంగ్లీషులో వినబడదు. కవిత్వంలో, పాత గద్యంలో తగులుతుంది. చదివి ఆనందించండి, పరీక్ష వ్యాసంలో మాత్రం వాడకండి.

కందుకూరు, కొండపి వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పొయ్యిని చూసినవాళ్లకు మరో రెండు మాటలు సులభంగా పట్టుబడతాయి. మంట లేకుండా లోలోపల రాజుకుంటూ పొగలు కక్కితే స్మోల్డర్. మంట లేకపోయినా ఎర్రగా స్థిరంగా వెలిగితే గ్లో.

నాలుగో అడుగు: అరువు వెలుగును కోణం మార్చి చూడండి

ఈ రాశి పెద్దది. తికమక పెట్టేవన్నీ ఇందులోనే ఉన్నాయి. తేడా పట్టుకోవడానికి మన జిల్లాల్లో దొరికినంత చక్కటి సామగ్రి ఎక్కడా దొరకదని నా నమ్మకం.

పొద్దున్నే మైపాడు తీరానికి వెళితే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. కాసేపటికి నీటి మీద మీ కాళ్లదాకా ఒక వెలుగు బాట పరుచుకుంటుంది. ఆ బాటను మొత్తంగా చూడకండి, ఒక్క మెరుపును వెతకండి. ఒక చిన్న అల, సరిగ్గా సూర్యుడి వెలుగును మీ కంటికి తిప్పే కోణంలోకి వాలినప్పుడు తళుక్కుమని మాయమవుతుంది. అదొక గ్లింట్. పక్కన ఇంకొకటి, దాని వెనక మరొకటి, లెక్కకు అందనన్ని. అవన్నీ కలిసినదే గ్లిటర్. శాస్త్రవేత్తలు కూడా ఈ బాటను ‘సన్ గ్లిటర్’ అనే పిలుస్తారు. చార్లెస్ కాక్స్, వాల్టర్ మంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విమానం నుంచి తీసిన ఈ వెలుగు బాట ఫొటోల ఆధారంగా, గాలి వేగాన్ని బట్టి అలల వాలు ఎలా మారుతుందో లెక్కగట్టి 1954లో ప్రచురించారు. గ్లింట్ ఒకటి, గ్లిటర్ అనేకం. ఈ తేడా ఒకసారి కంటితో చూస్తే జీవితాంతం ఉంటుంది. రాత్రి చంద్రుడు వేసే ఇలాంటి బాటకు ‘మూన్‌గ్లేడ్’ అనే అరుదైన, అందమైన పేరు ఉంది.

ఇప్పుడు చీమకుర్తి రాయి. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో కొనే ఈ నల్లరాయి పాలిష్ పట్టిన పలకను మన వైపు హోటళ్ల మెట్ల మీదో, ఇళ్ల వంటగట్టు మీదో చూసే ఉంటారు. వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతి రాయి. లోపలి బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పలక ముందు నిలబడి తలను నెమ్మదిగా పక్కకు జరపండి. పలక మొత్తం నునుపుగా, కుదురుగా మెరుస్తూ ఉంటుంది. అది గ్లీమ్. ఆ నలుపు మీద మీ తల కదిలేకొద్దీ ఒక చుక్క ఆరి మరో చుక్క వెలుగుతుంది. అది స్పార్కిల్. స్పార్కిల్‌లో చుక్కలు విడివిడిగా, హుషారుగా ఉంటాయి. గ్లిటర్ అంతకన్నా దట్టం, కాస్త చల్లటిది. కొన్నిసార్లు పైపై మెరుగన్న ధ్వని కూడా ఉంటుంది. పెళ్లికూతురి నవ్వు స్పార్కిల్ అయితే పొగడ్త. రాజభవనం గ్లిటర్ అయిందంటే రచయిత దాన్ని మెచ్చుకుంటున్నాడో లేదో తర్వాతి వాక్యం చదివితే గానీ తెలియదు.

సైదాపురం మైకా ఇంకో పాఠం. అభ్రకమనీ, కాకిబంగారమనీ పిలుచుకునే ఆ పొరల రాయిని చేత్తో విప్పితే పల్చటి రేకులుగా ఊడివస్తుంది. ఒక రేకును ఎండలో తిప్పితే ఒక కోణంలో మాత్రం కళ్లలోకి కొడుతుంది. గ్లింట్. అదే రేకును మెత్తగా పొడి చేసి వేలితో చర్మానికి రాస్తే విడి మెరుపులు కనిపించవు. వెలుగు మెత్తగా, పల్చగా, పారుతున్నట్టు ఉంటుంది. అదే షిమర్. ముఖానికి పూసుకునే అలంకరణ సామగ్రిలో షిమర్ కోసం కలిపేది చాలావరకు మైకా పొడే. ఆ డబ్బాల మీద ఇంగ్లీషును జాగ్రత్తగా చదవండి. పొడి మెత్తనైతే షిమర్ అనీ, కంటికి విడిగా ఆనేంత ముతకైతే గ్లిటర్ అనీ రాస్తారు. నిఘంటువుకన్నా ఆ డబ్బా మూతే తేడాను బాగా చెబుతుంది. వెంకటగిరి చీర జరీ అంచు కదిలినప్పుడు కనిపించే మెరుపు కూడా షిమరే. అద్దాలు కుట్టిన లంగా అయితే గ్లిటర్.

షిమర్‌కు ఇంకో పెద్ద ఉదాహరణ వేసవిలో పదహారో నంబరు జాతీయ రహదారి. మధ్యాహ్నం నెల్లూరు నుంచి ఒంగోలు వైపు వెళుతూ ముందుకు చూస్తే రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు, గాలి వణుకుతున్నట్టు కనిపిస్తుంది. తారు వేడికి దానిని ఆనుకున్న గాలి పల్చబడి, పైనున్న చల్లటి గాలితో కలియబడుతుంది. ఆ పొరల గుండా వచ్చే వెలుగు వంగి అలలుగా కదులుతుంది. నీళ్లున్నట్టు భ్రమ కలిగించే ఆకారం మిరాజ్, మన ఎండమావి. ఆ గాలి వణుకు షిమర్. రెండూ ఒకచోటే కనిపించినా రెండూ ఒకటి కావు.

ఇక గ్లిసెన్. రాసేటప్పుడు టి అక్షరం ఉంటుంది కానీ పలకరు. తడి ఉంటేనే ఈ మాట. చెమట పట్టిన నుదురు, వాన వెలిసిన తర్వాత వేపాకులు, వలలోంచి అప్పుడే తీసిన చేప, నూనె రాసిన జడ. ఎండిన వస్తువుకు దీన్ని వాడితే చదివేవాళ్లకు తడి కనిపిస్తుంది, జాగ్రత్త.

చెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలకు డ్యాపుల్ అనే మాట ఉంది. గాలికి ఆ మచ్చలు కదలొచ్చు, కదలకపోవచ్చు. మచ్చమచ్చలుగా ఉండటమే ముఖ్యం.

ఐదో అడుగు: నక్షత్రాల కింద నిలబడండి

ట్వింకిల్ మాట పాలపుంతంత పాతది అనిపించేలా పిల్లల పాటల్లో నానింది. అర్థం కూడా అంత కచ్చితమైనది. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఊరి దీపాలకు దూరంగా, కొత్తపట్నం లాంటి తీరంలో దక్షిణం వైపు చూడండి. దిగంతానికి సుమారు 22 డిగ్రీల ఎత్తులో ప్రకాశించే చుక్క అగస్త్య నక్షత్రం. దానికన్నా చాలా పైన, ఇంకా ప్రకాశంగా ఉన్నది సిరియస్. కిందున్న అగస్త్యుడే ఎక్కువగా వణుకుతాడు. కిందున్న చుక్క వెలుగు మన కంటిని చేరేలోపు ఎక్కువ గాలిని దాటాలి. ఆ గాలిలోని వేడి, చల్లటి సుడులు దాన్ని అటూ ఇటూ వంచుతాయి. దీన్నే రోజువారీ మాటలో ట్వింకిల్ అంటారు, ఖగోళ శాస్త్రంలో సింటిలేషన్ అంటారు. లాటిన్‌లో నిప్పురవ్వ అనే మాట నుంచి వచ్చింది ఈ రెండోది. ఆకాశంలో గురుడో శుక్రుడో ఉంటే పోల్చి చూడండి. గ్రహాలు దాదాపు మిణుకుమనవు. నక్షత్రం మనకు ఒక బిందువు. గ్రహం చిన్న బిళ్ల. బిళ్లలోని ఒక్కో బిందువు వణికినా అన్నీ కలిసి సర్దుకుంటాయి. గ్రహానికి ట్వింకిల్ రాసే రచయిత ఆకాశం చూడలేదని తెలిసిపోతుంది.

అదే తీరంలో దూరంగా చేపల పడవ దీపం ఒకటి, కనిపించీ కనిపించనట్టు ఉంటే అది గ్లిమర్. మిణుకుమిణుకు అనే మన మాట ట్వింకిల్, గ్లిమర్ రెండింటికీ సరిపోతుంది కనుక ఇక్కడ తెలుగువాళ్లు తడబడతారు. బలం చూడండి. బలహీనమైతే, మసకైతే గ్లిమర్. చిన్నదైనా చురుగ్గా, స్పష్టంగా ఉంటే ట్వింకిల్.

ఆరో అడుగు: ఒకసారా, పదేపదేనా, లెక్క ప్రకారమా?

ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు ఆకాశంలో మెరిసే మెరుపు ఫ్లాష్. ఒక్కసారి, చాలా బలంగా. అయితే కొన్ని మెరుపులు మెరిసిన ఆ క్షణంలోనే అదురుతున్నట్టు కనిపిస్తాయి. అది కంటి భ్రమ కాదు. ఒక మెరుపులో మామూలుగా మూడు నాలుగు విద్యుత్ ఘాతాలు ఒకే దారిలో, సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో దిగుతాయి. కాబట్టి ఫ్లాష్ లోపలే ఫ్లికర్ ఉందని రాయవచ్చు. అది చక్కటి ఇంగ్లీషు, నిజమైన వర్ణన కూడా.

మిణుగురు విషయంలో శాస్త్రవేత్తలు ఫ్లాష్ అనే అంటారు. జోడీని పిలవడానికి ఒక్కో జాతి తనదైన వరుసలో వెలిగి ఆరుతుంది. కథలో మాత్రం వింక్, బ్లింక్, ట్వింకిల్ వినసొంపుగా ఉంటాయి. వింక్, బ్లింక్ రెండూ కంటి రెప్పకు కూడా వాడే మాటలే. వెలిగి ఆరడం స్పష్టంగా రెండు ముక్కలుగా తెలియాలి. తిరునాళ్ల విద్యుత్ ప్రభ మీద సీరియల్ బల్బులు బ్లింక్ అవుతాయి, ఫ్లికర్ అవ్వవు. ఫ్లికర్ అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. వెలుగు పూర్తిగా ఆరకుండా నెమ్మదిగా పెరిగి తగ్గుతుంటే పల్స్, మన నాడి.

ఈ మాటల అర్థాలు గడియారం పెట్టి కొలిచినంత కచ్చితంగా ఉండే చోటు ఒకటుంది, అది సముద్రం. కృష్ణపట్నం, రామాయపట్నం తీరాల్లో దీపస్తంభాలు ఉన్నాయి. ఓడ నడిపేవాడికి ఏ దీపం ఏదో తెలియాలంటే ఒక్కోదానికి ఒక్కో లయ కావాలి. ఆ లయలకు అంతర్జాతీయంగా పేర్లు పెట్టారు. వెలిగే సమయం ఆరిన సమయంకన్నా తక్కువైతే ఫ్లాషింగ్. తిరగబడి, వెలుగే ఎక్కువసేపు ఉండి చీకటి మధ్యలో కొద్దిసేపు వస్తే ఒకల్టింగ్. రెండూ సమానమైతే ఐసోఫేజ్. నిమిషానికి 50కి తగ్గకుండా, 80 లోపు మెరిస్తే ‘క్విక్’. చంద్రుడు నక్షత్రానికి అడ్డొచ్చి దాన్ని దాచేస్తే ఖగోళ శాస్త్రంలో ఒకల్టేషన్ అంటారు. దీపస్తంభం మాట, ఆకాశం మాట రెండూ లాటిన్‌లో ‘దాచు’ అనే ఒకే ధాతువు పిల్లలు. నౌకాయానానికి సంబంధించిన ఏ రచనను అనువదించినా ఈ పేర్లను అందం కోసం మార్చకూడదు. ఫ్లాషింగ్ అని ఉన్నచోట బ్లింకింగ్ రాస్తే అక్కడ పటం తప్పవుతుంది.

కరెంటు దీపాల దగ్గర కూడా ఇంత జాగ్రత్త కావాలి. ట్యూబులైటు కొట్టుకుంటోందని మనం అనేదానికి ఇంగ్లీషులో ఫ్లికర్ ఒక్కటే మాట. కారణం స్టార్టర్ కావచ్చు, వదులు కాంటాక్టు కావచ్చు, ఎల్‌ఈడీకి కరెంటును సర్ది అందించే డ్రైవర్ అనే భాగం కావచ్చు. లో ఓల్టేజీకి వెలుగు తగ్గి అలాగే ఉండిపోతే అది డిమ్, ఫ్లికర్ కాదు. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తే మరమ్మతుకు వచ్చేవాడు తప్పు చోట వెతుకుతాడు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక చోక్ ఉన్న పాత ట్యూబు వెలుగు సెకనుకు వంద సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి తెలియదు. తిరిగే వస్తువు మీద పడితే తెలుస్తుంది. ఫ్యాను రెక్కలు నిలిచినట్టు, వెనక్కి తిరిగినట్టు కనిపించడం స్ట్రోబోస్కోపిక్ ఎఫెక్ట్. రైసు మిల్లులో, లేత్ మిషన్ దగ్గర ఇది ప్రమాదం. తిరుగుతున్న చక్రం ఆగి ఉందనిపిస్తుంది. అందుకే అన్నీ ఒకేసారి తగ్గకుండా కార్ఖానాల్లో దీపాలను మూడు ఫేజులకు పంచి బిగించేవారు. స్ట్రోబ్ అనే దీపం కావాలనే ఈ పని చేస్తుంది. సెకనుకు 3 నుంచి 30 సార్లు కొట్టే బలమైన మెరుపులు కొందరిలో మూర్ఛ తెప్పించగలవు. అందుకే వెబ్ పేజీల్లో ఏదీ సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటి హెచ్చరికను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘మినుకుమినుకుమనే దీపాలు’ అని రాయకండి, అది ముద్దుగా వినిపిస్తుంది. ‘వేగంగా వెలిగి ఆరే దీపాలు’ అని సూటిగా రాయండి.

ఏడో అడుగు: కళ్లలోకి చూడండి

కథలు రాసేవాళ్లకు, అనువదించేవాళ్లకు అసలు పరీక్ష ఇక్కడే. మనుషుల కళ్లకు ఇంగ్లీషు ఈ మాటలన్నింటినీ వాడుతుంది, ఒక్కోదానికి ఒక్కో స్వభావం అంటగడుతుంది. కళ్లు ట్వింకిల్ అయితే ఆ మనిషిలో ఆప్యాయత, చిలిపితనం ఉన్నాయి. మనవడిని ఆటపట్టించే తాతయ్య కళ్లవి. స్పార్కిల్ అయితే సంతోషం, ఉత్సాహం. గ్లింట్ అయితే లోపల ఏదో ఎత్తుగడ ఉంది, లేదా కసి ఉంది. గ్లిటర్ అయితే చల్లటి క్రూరత్వమో, జ్వరమో. గ్లిసెన్ అయితే కన్నీళ్లు. ఫ్లాష్ అయితే కోపం. తెలుగు మూలంలో కేవలం ‘అతని కళ్లు మెరిశాయి’ అని ఉంటే, కథను ముందూ వెనకా చదివి ఆ మెరుపు ఏదో తేల్చుకోకుండా కలం కదపకూడదు. మేనమామ కళ్లకు ట్వింకిల్ బదులు గ్లింట్ పెడితే అతను ఒక్క మాటలో ప్రతినాయకుడైపోతాడు.

మనసుకు సంబంధించిన జోడీలు కొన్ని స్థిరపడ్డాయి. ఆశకు గ్లిమర్ వస్తుంది, మనకూ ఆశ మిణుకుమిణుకుమంటుంది కాబట్టి ఇది తేలిక. ఆసక్తికి, పెదవి చివర మెరిసి మాయమయ్యే నవ్వుకు ఫ్లికర్. కోపానికి, హఠాత్తుగా తట్టిన ఆలోచనకు ఫ్లాష్. గతం ఒక్కసారిగా కళ్ల ముందు కదిలితే ఫ్లాష్‌బ్యాక్, ఇది మన సినిమా మాటే అయిపోయింది. అద్భుతంగా సాగిన సంభాషణకు సింటిలేటింగ్. కొరస్కేటింగ్ అనే పెద్ద మాటతో మాత్రం జాగ్రత్త. దానికి ధగధగ మెరిసే అనే అర్థం. తోలు ఒలిచేసే విమర్శ అనే అర్థమున్న ఎక్స్‌కోరియేటింగ్‌తో ఇంగ్లీషువాళ్లే దాన్ని కలిపేస్తుంటారు.

ఎనిమిదో అడుగు: వ్యాకరణం, కొద్దిగా

ఈ క్రియలు చాలావరకు అకర్మకాలు. దీపం ఫ్లికర్ అవుతుంది, దీపాన్ని ఎవరూ ఫ్లికర్ చేయరు. ఫ్లాష్, బ్లింక్ మినహాయింపులు. లారీ డ్రైవరు హెడ్‌లైట్లను ఫ్లాష్ చేయగలడు, మనం కళ్లను బ్లింక్ చేయగలం. దాదాపు అన్నీ నామవాచకాలుగానూ పనికొస్తాయి. అయితే గ్లిసెన్‌ను నామవాచకంగా వాడటం అరుదు.

చివరి అడుగు: మీరే తేల్చండి

కింది వాక్యాలకు ముందు ప్రశ్నలు వేయండి, తర్వాత మాట వెతకండి. జవాబులు వెంటనే ఇస్తున్నాను, చేత్తో మూసి చదవండి.

రొయ్యల చెరువులో ఏరియేటర్ తిరుగుతుంటే తడి రెక్క మీద ఎండ పడి ప్రతి చుట్టులో ఒకసారి మెరుస్తోంది. వెలుగు అరువుది, ఒక్క కోణంలో ఒక్కసారి. తడిగా ఉన్నా చురుక్కుమంటోంది కనుక గ్లింట్.

స్వర్ణాల చెరువు నీటి మీద సాయంత్రపు వెలుగు, గాలి లేదు, చిన్న కదలిక మాత్రమే. విడి మెరుపులు లేవు. షిమర్.

కరెంటు పోయిన రాత్రి, వీధి చివరి ఇంట్లో కిటికీ వెనక ఒక లాంతరు. కదలికకన్నా మసకతనమే ఎక్కువ. గ్లిమర్.

మంచం పక్కన దీపంలో నూనె పోసేవాళ్లు లేరు. ఇక్కడ మాట ఏదో మీకు తెలుసు. ఫ్లికర్ అనుకుని ఉంటే మూడో అడుగుకు వెళ్లండి.

చీమకుర్తి పలక పరిచిన వరండాలో పాప గెంతుతూ, ప్రతి గెంతుకూ కింద వెలిగే కొత్త చుక్కలను చూసి నవ్వుతోంది. రాయికీ, పాప కళ్లకూ ఒకే మాట సరిపోయే వాక్యం ఇది. స్పార్కిల్.